ప్రతి జనవరిలో మొదలుపెడతాను, సంక్రాంతికే మానేస్తాను: నాలో లోపం ఏమిటి?

ప్రశ్న: వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు రాత్రి పదింటికి అమెరికా టీమ్‌తో కాల్ ఉంటుంది. ఈ మధ్య ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 6.2, పరగడుపు షుగర్ 112 వచ్చాయి. బరువు 84 కిలోలు. మూడేళ్లుగా ప్రతి జనవరిలో జిమ్, డైట్ మొదలుపెడతాను. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చాక రెండూ ఆగిపోతాయి. రాత్రిళ్లు డైరీలో నన్ను నేను తిట్టుకుంటూ పేజీలు నింపుతున్నాను. నాలో క్రమశిక్షణే లేదా? మాత్ర వేసుకుంటే సరిపోతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. నన్ను చూసుకుని నవ్వుకున్నాను. పదమూడేళ్ల కిందట ఇదే ప్రశ్న నాకు నేను వేసుకున్నాను. అదీ ఎక్కడ కూర్చుని? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నలుగురికీ ఏం తినాలో చెప్పే కుర్చీలో. గుంటూరులో ఒక షుగర్ డాక్టరుగారి క్లినిక్‌లో ఇరవై రెండేళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నలభై నాలుగో ఏట నా హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. రిపోర్టు తెచ్చిన ల్యాబ్ అబ్బాయి కవరు మీద పేరు రెండుసార్లు చదివి, "మేడమ్, ఇది మీదేనా?" అన్నాడు.

ముందు అంకెల సంగతి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కి ముందు మెట్టు, అంటారు, 6.5 నుంచి డయాబెటిస్. పరగడుపున 100 నుంచి 125 దాకా వచ్చినా అదే మెట్టు. మీ రెండు పరీక్షలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ల్యాబ్ పొరపాటేమో అన్న ఆశ వదిలేయండి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఆ కణాల్లోని హిమోగ్లోబిన్‌కి ఎంత గ్లూకోజ్ అంటుకుందో హెచ్‌బీఏ1సీ పరీక్ష చూస్తుంది, అందుకే గడిచిన రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. ముందు రోజు ఉపవాసం ఉండి దీన్ని మాయ చేయలేం. రక్తహీనత ఉంటే మాత్రం ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఇందులో మీరు ఒక్కరే లేరు లెండి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 13.6 కోట్ల మంది ఇదే మెట్టు మీద ఉన్నారని లెక్కగట్టింది.

మాత్ర వేయాలా వద్దా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు తేల్చాల్సిన విషయం, నేను మందు రాయను. కానీ మాత్ర వేసుకుంటే ఈ గొడవంతా తప్పుతుందని మీరు అనుకుంటున్నట్టు అనిపించింది, అందుకని రెండు అధ్యయనాల సంగతి చెబుతాను. అమెరికాలో 3,234 మంది మీద చేసి 2002లో ప్రచురించినదాంట్లో, తిండీ నడకా మార్చుకున్నవాళ్లకు డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గింది, షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లకు 31 శాతం తగ్గింది. మనకూ అంతే అనుకోవద్దు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో అలవాట్లు మార్చుకున్నవాళ్లకు 28.5 శాతం, మాత్ర వేసుకున్నవాళ్లకు 26.4 శాతం, రెండూ చేసినవాళ్లకు 28.2 శాతం తగ్గింది. రెండూ కలిపినా అదనంగా ఒరిగిందేమీ లేదు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. అలవాట్లు మార్చుకున్న ఆ చెన్నైవాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, అయినా ముప్పు తగ్గింది. బరువు మెషీన్‌లో ముల్లు కదలడం లేదని ఫిబ్రవరిలో జిమ్ మానేసేవాళ్లకు ఈ సంగతి ఫ్రేమ్ కట్టించి ఇవ్వాలనిపిస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, క్రమశిక్షణ. ఈ విషయంలో మనవాళ్ల దగ్గర తిట్లు రెడీగా ఉంటాయి. ఆంధ్రులు ఆరంభశూరులంటాం, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం. అవి పక్కన పెట్టి మీరు రాసిందే ఇంకోసారి చదవండి. వారంలో నాలుగు రాత్రులు పదింటి కాల్‌కి మీరు హాజరవుతున్నారు. ఒళ్లు బాగాలేకపోయినా, చుట్టాలొచ్చినా హాజరవుతూనే ఉండి ఉంటారు. క్రమశిక్షణ లేనివాడు చేసే పనేనా ఇది? ఆ కాల్‌కి ఒక వేళ ఉంది. ల్యాప్‌టాప్ బల్ల మీదే తెరిచి ఉంటుంది. మీరు రాకపోతే రెండో నిమిషంలో మెసేజ్ పెట్టి అడిగేవాళ్లున్నారు. మీ జిమ్‌కి ఇందులో ఒక్కటీ లేదు. పైగా అర్ధరాత్రి దాటాక పడుకున్న మనిషి పొద్దున్న ఆరింటికి లేచి, బండి తీసి, ట్రాఫిక్‌లో వెళ్లాలి. జనవరి ఒకటిన వేసుకున్న ప్లాన్ పద్నాలుగు రోజులు నిలవడమే గొప్ప.

డైరీ సంగతి దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను, నా దృష్టిలో మీ ఇబ్బంది అంతా అక్కడే ఉంది.

మా నాన్నగారికి తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. రాత్రి తలుపులు సగం మూసి, గల్లాపెట్టె పక్కన కూర్చుని చిట్టా రాసేవారు. ఈ తరానికి తెలియకపోవచ్చు, చిట్టా అంటే ఏ రోజు జరిగింది ఆ రోజు వరసగా రాసే పుస్తకం. అందులోంచి ఎవరి ఖాతా వాళ్లకు ఎత్తి రాసేది ఆవర్జా. అమ్మకం బాగున్న రోజు చిట్టాలో 'భేష్' అని రాసుకోలేదు, బేరాల్లేని రోజు 'నా కర్మ' అని రాసుకోలేదు. సరుకు, తూకం, డబ్బు, ఎవరికి అప్పు, అంతే. కొట్టు తెరవని రోజు కూడా పేజీ వదిలేసేవారు కాదు. తారీఖు వేసి 'కొట్టు సెలవు' అని ఒక్క ముక్క రాసేవారు. తిట్టేదేమన్నా ఉంటే నెలాఖరున ఆవర్జా ముందేసుకుని తిట్టేవారు, అది కూడా అప్పు ఎగ్గొట్టినవాణ్ని.

మీరు రాత్రిళ్లు రాస్తున్నవి తీర్పులు. 'ఈరోజు కూడా అదుపు తప్పాను, నేనింతే' అని రాస్తే మర్నాడు సాయంత్రం ఏం చేయాలో అందులో ఎక్కడా దొరకదు. తిట్టుకోవడం వల్ల కాస్త మనసు బరువు దిగినట్టు ఉంటుంది, ఏదో చేశామన్న తృప్తి కూడా కలుగుతుంది, అక్కడితో ఆ పూట అయిపోతుంది. నేనూ అలాంటి పేజీలు చాలానే రాశాను.

రిపోర్టు వచ్చిన వారం అవి చించేసి, పాత ఎల్‌ఐసీ డైరీ ఒకటి తీసి నాలుగు గళ్లు గీశాను. వేళ, ఏం తిన్నాను, ఎక్కడ, దానికి ముందు అరగంటలో ఏం జరిగింది. పద్నాలుగు రోజులు. ఆ రెండు వారాలు తిండిలో ఏ మార్పూ చేయకూడదని నియమం పెట్టుకున్నాను, మార్చడం మొదలుపెడితే చేయి అబద్ధాలు రాస్తుంది. మూడో రోజు రాసింది ఇప్పటికీ ఆ డైరీలో ఉంది: '7.05. జంతికలు, గుప్పెడు, మళ్లీ గుప్పెడు. స్టవ్ దగ్గర నిలబడి. ఆటో దిగి వచ్చాను, పప్పు కుక్కర్‌లో పెట్టాను, మూడో విజిల్ రాలేదు.' చేతి వేళ్ల నూనె అంటి ఆ పేజీ మూల పారదర్శకంగా అయిపోయింది.

పద్నాలుగు రోజులు అయ్యాక చూస్తే పదకొండు రోజుల్లో అదే వరస. పావు తక్కువ ఏడుకీ ఏడుంపావుకీ మధ్య, స్టవ్ ముందు, నిలబడి. జంతికలు లేని రోజు చెక్కలు, అవీ లేని రోజు బిస్కెట్లు. నేను ఇన్నాళ్లూ రాత్రి భోజనం ఎక్కువ తింటున్నానని నన్ను నేను ఆడిపోసుకుంటున్నాను, తీరా చూస్తే రాత్రి భోజనం ఉండాల్సినంతే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకి క్లినిక్‌లో డబ్బా తెరిచి తిన్నాక మళ్లీ ఏడింటిదాకా కడుపులో టీ తప్ప ఏమీ పడటం లేదు. ఆరు గంటల ఆకలితో వంటింట్లోకి వస్తే, సరిగ్గా కళ్లకి ఎదురుగా స్టవ్ పైన అరలో స్టీలు డబ్బా.

దీనికి క్రమశిక్షణతో పనేముంది? పావు తక్కువ ఐదుకి క్లినిక్‌లోనే ఒక చిన్న గిన్నెడు ఉడికించిన శనగల గుగ్గిళ్లు, ఒక గ్లాసు మజ్జిగ పెట్టుకున్నాను. డబ్బాని అటక మీదికి ఎక్కించాను. స్టూలు వేసుకుని ఎక్కి తీసుకునేంత ఆకలి నాకు ఆ తర్వాత వేయలేదు. నాలుగో నెలలో పరీక్ష చేయించుకుంటే 5.8. అంతా గుగ్గిళ్ల మహిమే అనను, నడక కూడా అప్పుడే మొదలైంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, అంతకుముందు తొమ్మిదేళ్లు నేను ఈ ఉద్యోగం తప్పుగా చేశాను. 1,200 క్యాలరీల చార్టు ఒకటి టైపు చేయించి, జిరాక్స్ తీయించి, వచ్చినవాళ్లందరి చేతిలో పెట్టేదాన్ని. అందులో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, సూప్. మిరపకాయల యార్డులో హమాలీ పని చేసుకునే ఆయనకి కూడా అదే ఇచ్చాను, తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఒకావిడ ఆరు నెలల తర్వాత ఆ చార్టుని లామినేషన్ చేయించి మరీ తెచ్చింది, రెండు కిలోలు పెరిగి వచ్చింది. "ఫ్రిజ్ మీద అంటించానండీ, రోజూ చూస్తూనే ఉన్నా" అంది పాపం.

కాబట్టి మీరు కూడా ముందు రెండు వారాలు నాలుగు గళ్లు నింపండి. ఫోన్‌లో రాసుకున్నా సరే. మీ చిట్టాలో ఏం తేలుతుందో నాకు తెలియదు, కానీ మీలాంటి ఉద్యోగాల వాళ్లవి చాలా చూశాను కాబట్టి రెండు మూడు చోట్ల ముందే వేలు పెడతాను.

మొదటిది అన్నం. అన్నం మానేయమని చెప్పను, చెప్పినా మీరు మానరు. మన భోజనం తీరు గమనించండి. పచ్చడిలోకి ఒక ముద్ద, పప్పులోకి, కూరలోకి, చారులోకి, ఆఖరున పెరుగులోకి. ఒకే భోజనంలో అన్నం నాలుగైదు మజిలీలు దాటుతుంది. ఎంత తిన్నారని అడిగితే ఎవరైనా 'కొంచెమేనండీ' అంటారు, ప్రతి మజిలీలోనూ నిజంగా కొంచెమే మరి. ఒక రోజు హస్తంతో, అదే అన్నం వడ్డించే గరిటెతో, లెక్కపెట్టి రాయండి. నేను చూసినవాళ్లలో రెండు హస్తాలని చెప్పినవాళ్లకి నాలుగున్నర తేలింది. మజిలీలు తగ్గించడం ముద్ద తగ్గించడం కంటే తేలిక. చారుని గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగుని కప్పులో వేసుకుని చెంచాతో తినండి, కావాలంటే అందులో కీర దోసకాయ ముక్కలు కోసుకోండి. ఈ రెండింటితోనే రెండు హస్తాలు తగ్గుతాయి. తగ్గిన చోట పప్పు, కూర పెంచండి, పెంచకపోతే పది గంటల కాల్ మధ్యలో ఆకలేస్తుంది. మొదలు కూర, పప్పు నాలుగు ముద్దలు ఉత్తివే తిని తర్వాత అన్నంలోకి వెళ్లినా షుగర్ అంత ఎగరదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతానికి మించకుండా చూసుకోమంది. మన ఇళ్లలో చాలావరకు అది దాటే ఉంటుంది. ఇక జొన్నరొట్టె, రాగిసంగటి మంచివే గానీ నాలుగు రొట్టెలు తిని 'అన్నం ముట్టలేదు' అనడంలో అర్థం లేదు.

ఈ మార్పుకి ఇంట్లో ఒప్పించాల్సిన మనిషి ఒకరుంటారు, ఆవిడ గురించి చివర్లో.

రెండోది టీ. మా దగ్గరికి వచ్చే ఒక ఆటో డ్రైవరుగారు రోజుకి ఏడు టీలు తాగేవారు. రెండేసి చెంచాల పంచదార అనుకుంటే పద్నాలుగు చెంచాలు, చెంచా ఐదు గ్రాముల చొప్పున 70 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి పెద్దవాళ్లకు రోజంతటికీ 50 గ్రాములు, వీలైతే 25. ఈయన కేవలం టీలోనే దాటేస్తున్నారు. మానేయమని రెండేళ్లు చెప్పాను. ఒకరోజు ఆయనే విసుక్కుని, "మేడమ్, ఆ ఏడు టీలూ దాహానికి తాగుతున్నానా? స్టాండ్‌లో మన సీరియల్ నంబరు వచ్చేదాకా నలుగురం నిలబడి మాట్లాడుకోవాలంటే చేతిలో గ్లాసు ఉండాలి కదా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మన టీ బంకుల్లో పంచదార ముందే కలిపేసి ఉంటుంది, తాగేవాడి చేతిలో ఏమీ ఉండదు. అందుకని ఆయన నేరుగా టీ మాస్టరుతోనే మాట్లాడుకున్నారు. మొదట సగం గ్లాసు, తర్వాత విడిగా పాలు, డికాషన్ పోసి చెంచా పంచదార, ఆపైన అరచెంచా. రెండున్నర నెలలు పట్టింది. ఏడు టీలూ అలాగే ఉన్నాయి, కబుర్లూ ఉన్నాయి. మీ ఆఫీసు మెషీన్‌లో పంచదార లేని బటన్ ఉందేమో చూడండి. లేకపోతే గ్రీన్ టీ తాగండి అని నేను మాత్రం అనను, నాకే నచ్చదు.

మూడోది మీ నిద్ర. దీనికి నా దగ్గర మంచి మందు లేదు, ఉద్యోగం మీది. 2004లో షికాగో విశ్వవిద్యాలయంవాళ్లు పన్నెండు మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆ కుర్రాళ్ల మనసు తీపి మీదికీ చిరుతిళ్ల మీదికీ పోయింది. రాత్రి కాల్ అయ్యాక ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడేది మీలోని సోమరి అని మీరు రాసుకుంటున్నారు, అందులో హార్మోన్ల వంతు ఎంతో ఆలోచించండి. చేయగలిగింది కొంత ఉంది. భోజనం ఎనిమిదింటికల్లా అవ్వాలి, కాల్ తర్వాత కాదు. సాయంత్రం ఆరు దాటాక కాఫీ వద్దు, కాఫీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. కాల్ లేని మూడు రాత్రులు కూడా అదే వేళకి పడుకోవడం కష్టం, తెలుసు. కనీసం ఆ మూడు రోజులు ఫోన్ చూస్తూ ఒంటిగంట చేయకండి.

వ్యాయామానికి వద్దాం. జిమ్ మంచిదే, కానీ ఇప్పుడు దాని జోలికి పోకండి, మూడుసార్లు కట్టిన ఫీజు చాలు. భోజనం అయ్యాక పది నిమిషాలు నడవండి. తిన్న వెంటనే కాళ్ల కండరాలు కదిలితే రక్తంలోకి వస్తున్న గ్లూకోజ్‌ని అవే లాక్కుంటాయి, భోజనం తర్వాత ఎగిసే షుగర్ తగ్గుతుంది. వీధిలో కుక్కలుంటే మేడ మీద నడవండి, అదీ లేకపోతే అపార్ట్‌మెంట్ కారిడార్‌లో. మధ్యాహ్నం పది, రాత్రి పది, రోజుకి ఇరవై. వారానికి 140 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాలు. గడపదాకా వచ్చేశారన్నమాట, వేగంగా నడిస్తే. పది వేల అడుగుల లెక్క చూసి బెంగపడొద్దు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత ఏడాది జపాన్‌లో ఒక అడుగుల మీటరుకి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె అది. ఆ పేరుకే 'పది వేల అడుగుల మీటరు' అని అర్థం. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ, 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. ఎన్నో కొన్ని వేయండి.

కండరానికి కూడా పని కావాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు. బడిలో మాస్టారు శిక్షగా వేయించిన గుంజీళ్లు, గోడకుర్చీ గుర్తున్నాయిగా? ఆ రెండూ తొడల కండరాలకి చక్కటి వ్యాయామాలు. అప్పట్లో ఏడుస్తూ చేశాం. మోకాళ్ల నొప్పి ఉంటే కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోండి, పదిసార్లు.

నడక ఎలా నిలబడుతుందో చెబుతాను. మా పెరటి వాకిట్లో కుళాయి దగ్గరే నా చెప్పులు పెట్టుకున్నాను. మనం చేత్తో తినేవాళ్లం కాబట్టి భోజనం అయ్యాక కుళాయి దగ్గరికి వెళ్లక తప్పదు. చేయి కడుక్కుంటాను, కిందికి చూస్తే చెప్పులు. వేసుకుంటాను. నడవాలా వద్దా అని ఆలోచించే సందు అక్కడ లేదు. 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అని ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా చెబుతున్నారు. నాకు మాత్రం అది చెప్పుల వల్ల అర్థమైంది. మీకు అపార్ట్‌మెంట్‌లో వాష్‌బేసిన్ కింద పెట్టుకుంటే ఇంట్లో తిడతారేమో, కాస్త పక్కగా పెట్టుకోండి.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని మీరు విని ఉంటారు. 1960 ప్రాంతంలో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. ఆ 'కనీసం' ఎక్కడో జారిపోయి, ముఖం కూడా జారిపోయి, 21 మిగిలింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి తేల్చింది వేరు. ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగం మందికి 66 రోజుల లోపు పట్టింది, మిగతావాళ్లకి అంతకంటే ఎక్కువ. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజులు. నీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యంగా. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు కుదరడంలో పెద్ద తేడా రాలేదని కూడా వాళ్లు చూశారు. జనవరి ఒకటి నుంచి లెక్కేస్తే 66వ రోజు మార్చి మొదటివారంలో వస్తుంది. మీరు మూడేళ్లూ పద్నాలుగో రోజున తీర్పు చెప్పేసుకున్నారు.

సంక్రాంతి గురించి ఒక్క మాట. అరిసెలు తినండి. అమ్మ నెల ముందు నుంచీ బెల్లం, నువ్వులు పోగేసి, పాకం పట్టి, పక్కింటావిడని సాయం పిలిచి చేసింది, తినకుండా వస్తే ఎవరికి ఉపకారం? నష్టం ఆ మూడు రోజుల్లో లేదు. తిరిగొచ్చేటప్పుడు సంచిలో పెట్టిచ్చిన రెండు డబ్బాలు ఫిబ్రవరి దాకా బల్ల మీద ఉంటాయి చూడండి, అక్కడుంది. వాటిని మర్నాడే ఆఫీసుకి తీసుకెళ్లి పంచేయండి. పండగ మూడు రోజులూ చిట్టాలో తారీఖు వేసి 'కొట్టు సెలవు' అని రాయండి. పేజీ ఖాళీగా వదలకండి. తారీఖు పడిన పుస్తకాన్ని నాలుగో రోజు తెరవడం తేలిక, వారం ఖాళీగా ఉన్నదాన్ని తెరవాలంటే చేయి రాదు. నా అనుభవంలో అలవాట్లు చచ్చేది తప్పిన రోజున కాదు, ఆ తర్వాత పుస్తకం తెరవడానికి సిగ్గుపడిన వారంలో.

ఇంట్లో ఒప్పించాల్సిన మనిషి అన్నాను కదా. అమ్మ వడ్డిస్తుంటే 'వద్దు' అనకండి. వద్దంటే వంట బాగాలేదని ఆవిడకి వినిపిస్తుంది, అలిగి ఇంకో హస్తం వేస్తుంది. 'ఈ బెండకాయ వేపుడు ఇంకొంచెం పెట్టమ్మా' అని అడగండి, అన్నం దానంతట అది తగ్గుతుంది. మీ ఆవిడ ఒక్కరే వండుతుంటే మాత్రం ముందు ఆవిడతో కూర్చుని మాట్లాడండి. మా క్లినిక్‌లో మగవాళ్లు 'మా ఇంట్లో చెప్పండి మేడమ్' అని భార్యని ముందుకు తోస్తారు. షుగర్ ఈయనది, చాకిరీ ఆవిడది. గుగ్గిళ్లు ముందు రాత్రి నానబెట్టడం, పొద్దున్న కుక్కర్ పెట్టడం మీరు చేయండి, అలవాటులో సగం పని అదే.

కొలతలు ఎప్పుడు చూడాలంటారా? హెచ్‌బీఏ1సీ మూడు నెలలకోసారి చాలు. బరువు వారానికోసారి, అదే రోజు, అదే వేళకి. ఆవకాయ ఎక్కువ తిన్న మర్నాడు ఒంట్లో నీరు నిలిచి కిలో పెరిగినట్టు చూపిస్తుంది, నమ్మకండి. నడుముకి టేపు పెట్టండి, మన మగవాళ్లకి 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఆ అంకె బరువు కంటే నిజాయితీగా మాట్లాడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంతకుముందు ఇష్టమైన పనుల మీద కూడా రెండు వారాలకు మించి ఆసక్తి పోయి, నిద్ర చెదిరి, బతుకు బరువుగా అనిపిస్తుంటే దానికి గుగ్గిళ్లు, చిట్టాలు మందు కాదు. మీరు రాసే డైరీలో తిట్లు ఏ స్థాయిలో ఉన్నాయో నాకు తెలియదు కాబట్టి అడుగుతున్నాను. అలా ఉంటే డాక్టరుకి చూపించుకోండి, థైరాయిడ్ కూడా పరీక్షిస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈ రాత్రికి చేయాల్సింది ఒక్కటే. డైరీలో కొత్త పేజీ తిప్పి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో ఇప్పుడు వేళ ఎంతయిందో రాయండి. రెండు వారాలయ్యాక ఆ పేజీలు చూసి, ఏ వేళ దగ్గర ఎక్కువసార్లు పెన్ను ఆగిందో చెప్పండి. ముఖ్యంగా ఆ పదింటి కాల్ ఉన్న రాత్రుల్లో మీరు భోజనం ముందు చేస్తున్నారా, తర్వాతా? మీ ప్రశ్నలో అది లేదు. నాకు తెలియాల్సింది ముందుగా అదే.